ఆన్‌లైన్ కోర్సులో చేరడం వేరు, నిలబడటం వేరు

జనవరి, జూలై వచ్చాయంటే తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) రిజిస్ట్రేషన్ల హడావుడి మొదలవుతుంది. చేరడానికి పైసా కట్టక్కర్లేదు. అందుకే ఎంతమంది చేరారన్న లెక్కకు పెద్ద విలువ లేదు. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సులపై 2019లో ‘సైన్స్’ పత్రిక ఒక విశ్లేషణ ప్రచురించింది. పేరిచ్చినవాళ్లలో సగానికి పైగా పాఠం తెరిచి చూడనేలేదు. 2017-18లో చివరిదాకా వచ్చింది 3.13 శాతమే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు.

మరి కొందరు ఎందుకు నిలబడతారు? 2001లో అనోల్ భట్టాచార్జీ అనే పరిశోధకుడు ఆన్‌లైన్ బ్యాంకింగ్ వాడేవాళ్లను పరిశీలించి ఒక నమూనా ఇచ్చారు. చదువు యాప్‌లకూ దాన్నే ఎక్కువగా వాడుతున్నారు. వాడకముందు ఏం ఆశించాం, వాడాక ఏం దక్కింది అని మనసు పోల్చుకుంటుంది. రెండూ సరిపోలితే తృప్తి, ఉపయోగముందన్న నమ్మకం కలుగుతాయి. ఆ రెంటిలో కొనసాగింపును ఎక్కువగా నిర్ణయించేది తృప్తే అని ఆయన తేల్చారు. కాబట్టి ‘సులువుగా వచ్చేస్తుంది’ అని ఊరించి చేర్చుకుంటే, తొలి అసైన్‌మెంట్‌కే ఆ ఆశ విరుగుతుంది. వారానికి ఎన్ని గంటలు పడుతుందో చేరేరోజే చెప్పడం మంచిది.

మన పిల్లలు జారిపోయే చోటు మరొకటుంది. రెండు అసైన్‌మెంట్ల గడువు దాటగానే ఇక లాభం లేదనుకుని వదిలేస్తారు. నిజానికి ఎన్‌పీటీఈఎల్ 12 వారాల కోర్సులో మెరుగైన 8 అసైన్‌మెంట్లే లెక్కకొస్తాయి, 8 వారాలదైతే 6. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్‌కు మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 రావాలి. ఈ ఒక్క సంగతి తొలివారమే బోర్డు మీద రాసిపెడితే చాలామంది ఆగిపోరు. మెంటర్లు దీన్ని తప్పక చెప్పాలి.

వీడియో నిడివి కూడా ముఖ్యమే. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 అధ్యయనంలో ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం ఎక్కువ శ్రద్ధగా చూశారు. అరగంట పాఠమైతే మధ్యలో రెండుసార్లు ఆపి, విన్నది కాగితం మీద రాసుకోవాలి.

చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతి వచ్చేవాళ్లు దారిలో సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. హెచ్‌డీలో గంట పాఠానికి ఒక జీబీ, ఒక్కోసారి అంతకు మించి కూడా ఖర్చవుతుంది, రోజు డేటాలో చాలావరకు అక్కడే పోతుంది. రాత్రి వైఫై ఉన్నచోట తక్కువ నాణ్యతలో డౌన్‌లోడ్ చేసుకుని, నోట్సు పీడీఎఫ్‌ను కూడా ఫోన్లో పెట్టుకోండి. అసైన్‌మెంట్ మాత్రం గడువుకు ఒకరోజు ముందే ఇంట్లో కూర్చుని పంపండి.