సముద్రమంతా సన్న గళ్లు అక్కర్లేదు: ఏఎంఆర్ మీద అపోహలు - వాస్తవాలు

బంగాళాఖాతంలో సునామీ పుడితే విశాఖ తీరానికి నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. ఆ లెక్కకు సముద్రాన్ని గళ్లుగా కోస్తాం, ఆ గళ్ల వలే గ్రిడ్. అవసరమైన చోటే గ్రిడ్‌ను సన్నగా చేసుకునే పద్ధతి ఏఎంఆర్, అంటే అడాప్టివ్ మెష్ రిఫైన్‌మెంట్. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు దీని గురించి నాలుగైదు మాటలు గట్టిగా నమ్మి వస్తారు.

అపోహ: అంతటా చిన్న గళ్లు పెట్టేస్తే జవాబు కచ్చితంగా వస్తుంది.

వాస్తవం: 1,500 కిలోమీటర్ల చదరపు సముద్రాన్ని 10 మీటర్ల గళ్లుగా కోస్తే 2,250 కోట్ల గళ్లు తేలతాయి. 3,000 మీటర్ల లోతులో సునామీ వేగం గంటకు 600 కిలోమీటర్ల పైమాటే. ఒక్క టైమ్ స్టెప్‌లో, అంటే లెక్క ఒకసారి ముందుకు జరిగే కాలంలో, అల ఒక గడి దాటకూడదు కాబట్టి ఆ స్టెప్ సెకనులో పదో వంతు కూడా ఉండదు. నడిసముద్రంలో అల పొడవు వందల కిలోమీటర్లు, దానికి కిలోమీటర్ల గళ్లు చాలు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి నీళ్లు హార్బర్‌లోకి ఎలా దూరతాయో చూడాలంటేనే 10 మీటర్లు కావాలి. అక్కడ కూడా సముద్రపు అడుగు కొలతలు అంత దగ్గరగా ఉండాలి. జెబ్కో ఉచితంగా ఇచ్చే లోతుల పటంలో బిందువుల మధ్య దూరం సుమారు 450 మీటర్లు. గడి తగ్గించినంత మాత్రాన లేని గుట్ట, లేని కాలువ పుట్టవు.

అపోహ: ఎక్కడ సన్నగా చేయాలో ఫ్రేమ్‌వర్కే, అంటే ఏఎంఆర్ నడిపే సాఫ్ట్‌వేరే, కనిపెడుతుంది.

అన్నిటికన్నా నష్టం చేసే నమ్మకం ఇదే. ఏఎంరెక్స్ అయినా, పీ4ఎస్ట్ అయినా, జియోక్లా అయినా గళ్లను విడగొడతాయి, ప్రాసెసర్లకు పంచుతాయి. ఏ గడిని విడగొట్టాలో చెప్పే నియమం మనదే. ఒక చిన్న భూకంపం కేసులో అల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటిన చోటే సన్న గళ్లు పెట్టమన్నాను. నడిసముద్రంలో అల అంత ఎత్తు లేదు. ముతక గళ్లలోనే ప్రయాణించి, శిఖరం అరిగిపోయి ఆర్కే బీచ్‌కు చేరింది. తీరం దగ్గర గళ్లు ఎంత సన్నవైనా దారిలో పోయిన ఎత్తు తిరిగి రాదు. ఆ రిజల్ట్ చూసి విశాఖకు ముప్పు లేదని రాసి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఆ అల ఎత్తు హద్దును సగం చేసి మళ్లీ నడపకుండా ఏ రన్‌నూ నమ్మను.

అపోహ: ముతక, సన్న గళ్లు కలిసే చోట అంతా దానంతటదే సరిపోతుంది.

వాస్తవం: ముతక గడి వదిలిన నీరు, పక్కనున్న సన్న గళ్లు తీసుకున్న నీరు సమానంగా ఉండవు. ఆ తేడాను సరిదిద్దడాన్నే రిఫ్లక్సింగ్ అంటారు. బర్గర్, కొలెల్లా అనే పరిశోధకుల 1989 పేపర్ అక్కడ ప్రాణం. తీరంలో ఇంకో చిక్కు ఉంది. ముతక గళ్ల నుంచి కొత్త సన్న గళ్లలోకి నీటి లోతును నింపితే, అడుగు ఎత్తుపల్లాల వల్ల నిశ్చలంగా ఉన్న సముద్రంలోనే దొంగ అలలు లేస్తాయి. జియోక్లా అందుకే లోతును కాక నీటి మట్టాన్ని నింపుతుంది. ఏ భూకంపమూ ఇవ్వకుండా ఒకసారి నడపండి, నీళ్లు కదలకూడదు.

అపోహ: ఏఎంఆర్ ఎప్పుడూ వేగమే. కాదు. సన్న గళ్లు డొమైన్‌లో, అంటే లెక్కగట్టే ప్రాంతంలో, ఎక్కువ భాగం కప్పేస్తే, గ్రిడ్ మళ్లీ మళ్లీ కట్టే ఖర్చుకు మామూలు గ్రిడ్డే నయం.

సూపర్‌కంప్యూటర్ లేదని ఆగిపోకండి. జియోక్లా ఉచితం, దానితో వచ్చే 2010 చిలీ సునామీ ఉదాహరణ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పసిఫిక్‌లో సునామీని కొలిచే 32412 నంబరు బోయా (సముద్రంలో తేలే పరికరం) రికార్డుతో మీ గ్రాఫ్ పోల్చుకోండి. తర్వాత అల ఎత్తు హద్దు మార్చి, అదే బోయా దగ్గర శిఖరం ఎంత తగ్గిందో చూడండి.