ఆవులు కనబడని పాడి ప్రాంతం మ్యాపు

"అమెరికా పాత మ్యాపొకటి దొరికింది. పాడికి పేరున్న ప్రాంతమట. ఆవూ లేదు, గడ్డీ లేదు, అన్నీ గోధుమరంగు గీతలే. ఇందులో చూడ్డానికేముంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆ గీతలే చూడాలండీ!

మ్యాపు పడమటి విస్కాన్సిన్‌ది. మంచుయుగంలో హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన నేల కాబట్టి లోయలు లోతుగా ఉంటాయి. నీలం నీళ్లకు, నలుపు మనుషులు కట్టినవాటికి. జెండా ఉన్న నల్ల గడి బడి, శిలువ ఉన్నది చర్చి.

ఇక గోధుమరంగు. వేసవిలో చెరువు నీరు దిగేకొద్దీ ఒడ్డున తడి అంచులు మిగులుతాయి కదా. నీరు 20 అడుగులు దిగినప్పుడల్లా ఆ అంచు వెంట ఒక గీత గీశారనుకోండి, అదే కాంటూర్. ఒడ్డు నిటారుగా ఉన్నచోట అంచులు ఒరుసుకుంటూ పడతాయి, పల్చటి వాలులో ఎడంగా జరుగుతాయి. వాగు వచ్చి కలిసేచోట నీరు వాగులోకి ఎగదన్ని ఉంటుంది, అందుకే అంచు అక్కడ ఎగువకు ముక్కులా సాగుతుంది. మ్యాపులోనూ ముక్కు ఎటుంటే వాగు అటునుంచే వస్తున్నట్టు. బడిలో మాత్రం 'సమాన ఎత్తుగల ప్రదేశాలను కలిపే రేఖ' అని బట్టీ పట్టించి రెండు మార్కులిచ్చి వదిలేస్తారు!

ఇప్పుడు స్కేలు తీయండి. 1:62,500 మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 62.5 మీటర్లు. 20 అడుగులు సుమారు 6.1 మీటర్లు. గీతల మధ్య మిల్లీమీటరు ఎడముంటే వాలు దాదాపు 10 శాతం, అర మిల్లీమీటరైతే 20. అలాంటిచోట పైనుంచి కిందికి దున్నితే ప్రతి చాలూ కాలువే. ఈ పడమటి విస్కాన్సిన్‌లోనే ఉన్న కూన్ వ్యాలీలో అదే జరిగి మట్టి కొట్టుకుపోయింది. 1933లో అక్కడే అమెరికా ప్రభుత్వం ఒక పరీవాహక ప్రాంతం మొత్తానికి నేల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. రైతులు వాలుకు అడ్డంగా, కాంటూర్ వెంటే దున్ని, ఒక పట్టీ మొక్కజొన్న, ఒక పట్టీ అల్ఫాల్ఫా అనే పశువుల మేత గడ్డి వేశారు. మొక్కజొన్న పట్టీ నుంచి జారిన నీరు గడ్డిలో నెమ్మదించి మట్టిని అక్కడే దింపేస్తుంది.

ఇది పాడి ఊళ్లో కుదిరిందంటే ఆవుల వల్లే. గింజలే అమ్ముకునే రైతుకు ఆ గడ్డి పట్టీ నష్టం, ఆవులున్నవాడికి మేత. మరీ నిటారు అడవి వాలుల్లోకి ఆవులు పోకుండా కంచెలు కూడా వేశారు. ఈశాన్యం పల్లమేనా అని స్థలం వెతికే మన వాస్తు పండితుల లెక్కన ఆ కొండల్లో సగం పొలాలు పనికిరావు. పాలు మాత్రం ఆగలేదు.

మీ మ్యాపు కింది అంచున కాంటూర్ ఎడం ఎన్ని అడుగులో రాసి ఉంటుంది. 20 కాకపోతే నా లెక్క మార్చుకోండి.