లొంగే బీము, లొంగని పిల్లరు

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్, విజయవాడల్లోనూ తెలిసింది. ఆ తర్వాత ఒక పాఠకుడు అడిగారు: “భూకంపానికి చెక్కుచెదరని ఇల్లు కట్టవచ్చా?” కట్టవచ్చు గానీ, ఆ ఖర్చు మామూలు ఇళ్లకు తూగదు. అందుకే ఇంజనీర్లు సాధారణంగా ఆ ప్రయత్నమే చేయరు. ఇల్లు ఎక్కడ దెబ్బతినాలో ముందే నిర్ణయిస్తారు. నిర్మాణశాస్త్రంలో నాకు ఇంతకన్నా అందంగా తోచిన ఆలోచన మరొకటి లేదు.

పెద్ద భూకంపంలో భవనం ఏమాత్రం లొంగకుండా నిలవాలంటే పక్కనుంచి ఎంత బలాన్ని తట్టుకోవాలో మొదట లెక్కగడతారు. బీములూ పిల్లర్లూ కలిసిందే భవనపు చట్రం. అది సాగే గుణం కోసం ప్రత్యేకంగా ఉక్కు అమర్చిన కాంక్రీటు చట్రమైతే, భూకంపాలకు సంబంధించిన మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 ఆ బలాన్ని ఏకంగా 5తో భాగించనిస్తుంది. అయిదో వంతుకే డిజైన్ చేస్తే మిగతాది ఏమవుతుంది? ఉక్కు సాగడం మొదలయ్యాక చట్రంలోకి అంతకు మించిన బలం పెద్దగా చేరదు. అటూ ఇటూ వంగుతూ ఆ ఉక్కు కంపన శక్తిని వేడిగా మార్చేస్తుంది.

మరి ఎక్కడ సాగాలి? ఇంట్లో ఫ్యూజు సంగతి తెలిసిందే: తాను కాలిపోయి మిగతా వైరింగును కాపాడుతుంది. భవనానికి ఫ్యూజులు బీముల కొసలు. అక్కడ పగుళ్లు వచ్చినా స్లాబు నిలిచే ఉంటుంది. అదే ఒక అంతస్తు పిల్లర్లన్నీ పైనా కిందా లొంగిపోతే దానిమీద ఉన్నదంతా కూలుతుంది. అందుకే బీమూ పిల్లరూ కలిసే చోట వంపును తట్టుకునే పిల్లర్ల సామర్థ్యం మొత్తం బీములదానికి కనీసం 1.4 రెట్లు ఉండాలని మరో భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 అంటుంది. బలం కోసమని బీములో లెక్కకు మించి చువ్వలు వేయించే యజమానులు ఇది గమనించాలి. ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టినట్లే అది. దెబ్బ పిల్లరుకు మళ్లుతుంది.

ఇక ఈ ఏర్పాటంతా ఆధారపడేది నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగు మీద. నొక్కుడుకు గురైన కాంక్రీటు పక్కలకు ఉబ్బుతుంది. రింగు దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఊపు పెరిగేకొద్దీ పైపొర కాంక్రీటు పెచ్చులుగా రాలిపోతుంది. రింగు కొనను 90 డిగ్రీలే వంచి ఉంటే దాన్ని అంతవరకు పట్టి ఉంచింది ఆ పైపొరే. అది రాలగానే కొన విచ్చుకుంటుంది, రింగు తెరుచుకుంటుంది, చువ్వలు బయటికి వంగుతాయి, పిల్లరు నలిగిపోతుంది. కొనను 135 డిగ్రీలు వంచి, కనీసం 65 మిల్లీమీటర్లు లోపలి కాంక్రీటులోకి దూర్చితే పైపొర పోయినా పట్టు సడలదు. స్లాబు వేసే రోజు ముహూర్తం చూస్తాం, కొబ్బరికాయ కొడతాం. అంతకుముందే, పిల్లర్లకు కాంక్రీటు పోయకముందు, రింగుల కొనలు కూడా చూడాలి. పోశాక చూసేందుకు ఏమీ మిగలదు. సివిల్ విద్యార్థులకు ఈ వంపును సైటులోనే చూపించాలని నా గట్టి అభిప్రాయం.

2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూడా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావరకు కింద పార్కింగు కోసం పిల్లర్లు మాత్రమే వదిలినవి. పై అంతస్తుల గోడలు చట్రాన్ని బిగించేయడంతో ఊపంతా కింది పిల్లర్లకే చేరింది. ఫ్యూజు ఉండకూడని చోట ఉందన్నమాట.

ఎక్కడ దెబ్బతినాలో ముందే నిర్ణయించే ఈ పద్ధతిని 1970లలో తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ నగరంలోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పార్క్, థామస్ పౌలే. 2011 ఫిబ్రవరి 22న ఆ నగరాన్నే భూకంపం తాకి 185 మంది చనిపోయారు. వారిలో 115 మంది ఒకే ఒక్క భవనంలో మరణించారు. దాని పిల్లర్లకు సాగే గుణం చాలలేదు. చాలా ఆధునిక భవనాలు కూలకుండా మనుషులను కాపాడాయి. కానీ బాగుచేయలేనంతగా దెబ్బతిన్నందున తర్వాత వాటిలో అనేకం పడగొట్టారు.

కాలిన ఫ్యూజును మార్చే పని లేకపోతే? దానికీ న్యూజీలాండ్‌లోనే శాస్త్రవేత్త బిల్ రాబిన్సన్ దారి చూపారు: భవనం కింద రబ్బరు, ఉక్కు పొరల దిమ్మెలు, వాటి నడుమ సీసపు కడ్డీ. భూమి కదిలితే సాగేది ఆ సీసమే. ఉక్కులా కాకుండా సీసం మామూలు ఉష్ణోగ్రతలోనే తన స్ఫటిక నిర్మాణాన్ని మళ్లీ సరిచేసుకుంటుంది, తర్వాతి కుదుపుకు సిద్ధమవుతుంది. 2001లో కూలిన భుజ్ ఆసుపత్రిని తిరిగి కట్టినప్పుడు ఇలాంటి దిమ్మెల మీదే నిలబెట్టారు.