మిల్లీమీటరు వంపులో రెండు ఆటలు

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. సెలవులకి మా ఇంటికొచ్చి, శీతాకాల ఒలింపిక్స్ పాత పోటీలు చూస్తూ కూర్చుంది. "బాబాయ్, ఈ అమ్మాయి ముందు ఐస్ హాకీ ఆడేదట. తర్వాత స్పీడ్ స్కేటింగ్‌కి మారి ఒలింపిక్ పతకం కొట్టిందట. రెండూ మంచు మీద జారడమే కదా, ఇందులో అంత విశేషమేముంది?" అని అడిగింది. ఆ విశేషం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక దారపు ఉండ, ఒక సుద్దముక్క కూడా కావలసొచ్చాయి.

ఆ అమ్మాయి కరోలీనా ఎర్బనోవా. చెక్ దేశంలో క్రకొనొషె కొండల పాదం దగ్గర వ్రఖ్లాబీ అనే ఊళ్లో 1992 అక్టోబరు 27న పుట్టింది. చిన్నప్పటి నుంచీ హాకీ. చెక్ దేశంలో హాకీ అంటే మన దగ్గర క్రికెట్ లాంటిది. మంచు మీద పరుగుపందెం మాత్రం అక్కడ ఎవరికీ పట్టని ఆట. పైకప్పున్న 400 మీటర్ల ట్రాక్ ఒక్కటి కూడా లేని దేశం అది. పెట్ర్ నోవాక్ అనే కోచ్ గడ్డకట్టిన చెరువుల మీద, పొరుగు దేశాల ట్రాకుల మీద పిల్లల్ని తయారు చేసేవాడు. ఆయన శిష్యురాలు మార్టినా సాబ్లికోవా 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు, ఒక కాంస్యం తెచ్చింది. హాకీ వదిలి అదే బృందంలోకి వచ్చిన ఎర్బనోవా కూడా అప్పుడు వాంకూవర్‌లో ఉంది, 17 ఏళ్ల వయసులో. 2017లో నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్‌లో యూరప్ స్ప్రింట్ (తక్కువ దూరాల పందేల) విజేత అయింది. 2018 ఫిబ్రవరి 18న కొరియాలోని గంగ్నంగ్ ట్రాక్ మీద ఒలింపిక్స్ 500 మీటర్లలో కాంస్యం గెలిచింది.

ఆ రోజు అంకెలు చూడండి. జపాన్‌కి చెందిన నావొ కొడైరా 36.94 సెకన్లు. కొరియా క్రీడాకారిణి లీ సాంగ్ హ్వా 37.33. ఎర్బనోవా 37.34. రజతానికీ కాంస్యానికీ మధ్య సెకనులో నూరో వంతు! 500 మీటర్లను 37.34తో భాగిస్తే సగటు వేగం సెకనుకి 13.4 మీటర్లు. అంటే నూరో వంతు సెకనులో దాటే దూరం 13 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ఆమె కాలికున్న బ్లేడు పొడవే దాదాపు 40 సెంటీమీటర్లు. బ్లేడులో మూడో వంతు దూరం వల్ల పతకం రంగు మారింది. 1998 నుంచి 2014 దాకా ఒలింపిక్స్‌లలో 500 మీటర్లు రెండుసార్లు పరుగెత్తించి కాలాలు కలిపేవారు. 2018 నుంచి ఒక్క పరుగే. రెండో అవకాశం లేదు.

ఇక అసలు ప్రశ్న. నేల మీద పరిగెత్తేటప్పుడు మనం పాదంతో నేలను వెనక్కి తంతాం, నేల మనల్ని ముందుకు తోస్తుంది. మంచు మీద బ్లేడుని వెనక్కి తంతే అది వెనక్కి జారిపోతుంది, మనం ఉన్నచోటే ఉంటాం. మరి స్కేటర్ ముందుకెలా వెళ్తుంది?

మామిడిపండు తిన్నాక తడి టెంకని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి. మీరు నొక్కేది పక్కల నుంచి, టెంక పారిపోయేది ముందుకి. టెంక పక్కలు ఏటవాలుగా ఉన్నాయి కాబట్టి అడ్డంగా నొక్కిన బలంలో కొంత భాగం ముందుకి తిరుగుతుంది. స్కేటింగ్ మొత్తం ఇదే. స్కేటర్ బ్లేడుని ముందు దిశకి కొంచెం ఏటవాలుగా పెట్టి, బ్లేడుకి అడ్డంగా, పక్కకి తోస్తుంది. పొడవునా జారే బ్లేడు అడ్డంగా జారదు, దాని అంచు మంచులో దిగి పట్టుకుంటుంది. అందుకే స్కేటర్ సరళరేఖలో పోదు, మంచు మీద పాములా మెలికలు తిరుగుతూ పోతుంది.

వేగం పెరిగేకొద్దీ ఈ ఏటవాలు తగ్గుతూ పోవాలి. మొదటి నాలుగడుగుల్లో పాదాలు బాతు నడకలా బయటికి తిరిగి ఉంటాయి. అప్పుడు తోసిన బలంలో చాలా భాగం ముందుకే పోతుంది. సెకనుకి 14 మీటర్ల వేగం వచ్చాక బ్లేడు దాదాపు ముందుకే చూస్తుంది. ఇక ఎంత బలంగా తోసినా ముందుకొచ్చేది చిన్న వాటా. ఆ చిన్న వాటాని ఎక్కువసేపు పోగు చేసుకోవాలి, అంటే ఒక్కో అడుగూ పొడవుగా సాగాలి. హాకీలో ఆటగాళ్లు ఎక్కువసేపు ఉండేది ఆ బాతు నడక దశలోనే: ఆగడం, తిరగడం, మళ్లీ దూకడం. ఎర్బనోవాకి హాకీ ఇచ్చింది ఆ దూకుడు. మిగతాదంతా కొత్తగా నేర్చుకున్నది. మారింది ముఖ్యంగా బ్లేడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది.

మా వీధికి ఇప్పటికీ సైకిల్ మీద సానరాయి పెట్టుకుని కత్తులకి సాన పట్టేవాడొకడు వస్తాడు. కత్తిని రాయికి అడ్డంగా ఆనించి నిప్పురవ్వలు లేపుతాడు. హాకీ బ్లేడుకి సాన పట్టడం దీనికి పూర్తిగా వేరు. అక్కడ సాన చక్రం అంచునే గుండ్రంగా చెక్కి, బ్లేడుని దాని వెంట పొడవునా లాగుతారు. దాంతో 3 మిల్లీమీటర్ల మందమున్న బ్లేడు అడుగున నిలువునా ఒక కాలువ పడుతుంది. కాలువకి ఇరుపక్కలా రెండు అంచులు. మామూలుగా ఆ కాలువ వంపు వ్యాసార్ధం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. లెక్క వేస్తే దాని లోతు 0.09 మిల్లీమీటర్లు వస్తుంది. నోటుపుస్తకంలో ఒక కాగితం మందం కూడా సుమారు అంతే! హాకీ ఆటగాడు పూర్తి వేగంలో ఉండి గుప్పున ఆగి, మంచుపొడి ఎగజిమ్మి వెనక్కి తిరిగాడంటే, ఆ పట్టంతా ఒక కాగితం మందమంత కాలువ ఇచ్చిందే.

రేసు బ్లేడుకి కాలువ ఉండదు. మందం 1 మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. అడుగు బల్లపరుపు, అంచు సరిగ్గా లంబకోణం. రెండు స్కేట్లనీ ఒక చట్రంలో తలకిందులుగా బిగించి, నూనె వేసిన రాయిని రెంటి మీదా ఒకేసారి చేత్తో రుద్దుతారు. రుద్దాక అంచున సన్నటి లోహపు పొర పక్కకి లేచి ఉంటుంది. దాన్ని చిన్న రాయితో తీసేసి, వేలిగోరు అంచు మీద అడ్డంగా గీసి చూస్తారు. గోరు నుంచి సన్నటి పొట్టు లేస్తే పదును వచ్చినట్టు. ఈ పని ఆటగాళ్లు ఎక్కువగా స్వయంగా చేసుకుంటారు.

ఇప్పుడు పొడవునా ఉండే వంపు. బ్లేడుని పక్క నుంచి చూస్తే అడుగు తిన్నగా కనిపిస్తుంది కానీ, అది ఒక పెద్ద వృత్తంలో ముక్క. హాకీ బ్లేడు సుమారు 3 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలోది. రేసు బ్లేడు 22 మీటర్ల పైచిలుకు వృత్తంలోది. బ్లేడు మంచులో 0.05 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. వ్యాసార్ధాన్ని లోతుతో గుణించి, దాన్ని రెండింతలు చేసి, వర్గమూలం తీసి, మళ్లీ రెండింతలు చేస్తే మంచుకి ఆనే పొడవు వస్తుంది. హాకీ బ్లేడుకి మూడున్నర సెంటీమీటర్లు. రేసు బ్లేడుకి తొమ్మిది పైనే. ఎడ్లబండి చక్రం ఎంత పెద్దదైతే బురదలో అంత తక్కువ దిగబడుతుందని మన రైతుకి తెలిసిందే. ఇదీ అదే సూత్రం.

మరి రేసు బ్లేడే మేలైతే హాకీలోనూ దాన్నే వాడొచ్చు కదా? మలుపు దగ్గర దాని సంగతి తేలుతుంది. వంపున్న బ్లేడుని పక్కకి వాల్చితే మంచు మీద దాని అంచు గీసే గీత కూడా వంపు తిరుగుతుంది. ఆ మలుపు వ్యాసార్ధం రావాలంటే బ్లేడు వ్యాసార్ధాన్ని వాలు కోణం సైన్‌తో భాగించాలి. సెకనుకి 14 మీటర్ల వేగంతో 26 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరగాలంటే స్కేటర్ నిలువు నుంచి సుమారు 38 డిగ్రీలు లోపలికి వాలాలి. ఆ వాలులో హాకీ బ్లేడు తనంతట తాను 5 మీటర్ల మలుపు తిరిగిపోతుంది. ప్రత్యర్థి చుట్టూ తిరగడానికి అది కావాలి. రేసు బ్లేడు 36 మీటర్ల మలుపు తిరుగుతుంది. ట్రాక్ లోపలి మలుపు వ్యాసార్ధం 25, 26 మీటర్లు. చూశారా, ఆ బ్లేడు ఆ ట్రాక్ కోసమే గీసినట్టుంది! మిగిలిన తేడా కోసం రెండు బ్లేడుల్నీ కొద్దిగా ఎడమకి వంచుతారు. ఎందుకంటే పందెంలో మలుపులన్నీ ఎడమకే. హాకీ ఆటగాడు ఎటైనా తిరగాలి, అతనికి ఆ వంపు పనికిరాదు.

ఎడమకే ఎందుకు అని పిల్ల అడిగింది. మన ప్రదక్షిణలో గుడి కుడిచేతి వైపు ఉంటుంది, వీళ్ల పందెంలో ట్రాక్ మధ్యభాగం ఎడమచేతి వైపు. ఎడమవైపు తిరగడం భూభ్రమణానికి అనుకూలమని, గుండెకి మంచిదని ఫోన్లలో తిరిగే కబుర్లు మీరూ చదివే ఉంటారు. లెక్క వేసి చూపించాను. గంగ్నంగ్ అక్షాంశంలో భూభ్రమణం ఆ వేగంలో ఉన్న స్కేటర్‌ని పక్కకి నెట్టే త్వరణం, మలుపు తిరగడానికి కావలసిన దానిలో ఆరువేల వంతు. పైగా ఉత్తరార్ధగోళంలో అది నెట్టేది కుడికి! ఎడమకి తిరగడం ఒక ఒప్పందం. రోడ్డు మీద ఎడమవైపు నడపడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఇలాంటి కబుర్లకి నమ్మకంతో జవాబు చెప్పకూడదు, అపనమ్మకంతోనూ చెప్పకూడదు. పిల్లల చేత భాగహారం చేయించాలి.

మన పాఠాల్లోనూ ఒక పాత జవాబు ఇంకా నడుస్తోంది. "బ్లేడు ఒత్తిడికి మంచు కరుగుతుంది, అందుకే జారుతుంది" అని. నాకూ అలాగే చెప్పారు. బరువులు కట్టిన తీగ మంచుగడ్డని కోసుకుంటూ దిగే ప్రయోగం కూడా చూపించారు. ఇక్కడా భాగహారమే చేద్దాం. 65 కిలోల మనిషి బరువుని 1.1 మిల్లీమీటర్ల వెడల్పు, 9.4 సెంటీమీటర్ల పొడవు మీద పెడితే దాదాపు 60 వాతావరణాల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 60 రెట్లు. ఒక్కో వాతావరణానికి మంచు ద్రవీభవన స్థానం 0.0074 డిగ్రీలు తగ్గుతుంది. మొత్తం కలిపి అర డిగ్రీకి కూడా చేరదు. ట్రాక్ మంచు సుమారు మైనస్ 7 డిగ్రీల దగ్గరుంటుంది. ఒత్తిడి దాన్ని కరిగించలేదు. మంచు మీద ఎప్పుడూ నీటిలాంటి పలుచటి పొర ఉంటుందని ఫారడే 19వ శతాబ్దంలోనే ఊహించాడు. రాపిడి వేడి కూడా మంచు పైభాగాన్ని కరిగిస్తుందని బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు 1939లో చూపించారు. ఫలితంగా రేసు బ్లేడుకి ఎదురయ్యే రాపిడి, బరువులో వెయ్యికి సుమారు 5 వంతులు. 65 కిలోల మనిషిని మంచు వెనక్కి లాగేది మూడొందల గ్రాముల పైచిలుకు బరువంత బలంతోనే! స్కేటర్ అసలు పోరాటం గాలితో. అందుకే నడుము వంచి, మోకాళ్లు మడిచి, నేలకి ఆనినట్టు పోతారు.

ఇంకొక తేడా మడమ దగ్గర. బూటుకి బ్లేడు గట్టిగా బిగించి ఉంటే, తోపు చివర్లో మడమ లేపగానే బ్లేడు మొన మంచులో గుచ్చుకుంటుంది. కాబట్టి పాత స్కేటర్లు పిక్క కండరాన్ని అణిచిపెట్టి, పాదం వంచకుండా తోసేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫ్రీ యూనివర్సిటీలో వాన్ ఇంగెన్ స్కెనౌ బృందం పాదం ముందుభాగం కింద కీలు పెట్టింది. మడమ లేచినా బ్లేడు మంచు మీదే పరుచుకుని ఉంటుంది, తోపు ఇంకాస్త సాగుతుంది, తర్వాత స్ప్రింగు లాగితే బ్లేడు మడమకి టప్పున తగులుతుంది. 1998 నగానో ఒలింపిక్స్‌లో ఈ కీలు స్కేట్లతో ప్రపంచ రికార్డులు వరసగా కూలాయి. అదే నగానోలో చెక్ హాకీ జట్టు రష్యాని 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికి ఎర్బనోవాకి ఐదేళ్లు. ఆమె ఆడబోయే రెండు ఆటలకీ అదే ఏడాది, అదే ఊళ్లో అంత పెద్ద సందర్భం వచ్చిందన్న సంగతి నాకు ఎంత చెప్పుకున్నా తనివి తీరదు.

రెండింటికీ పోలిక లేకపోలేదు. హాకీలో ఒక ఆటగాడు ఒక్క విడతకి మంచు మీద ఉండేది సుమారు 45 సెకన్లు. ఆ తర్వాత బల్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటాడు. 500 మీటర్ల పందెం 37 సెకన్లు. కండరం ఊపిరి కోసం ఆగకుండా నిల్వ శక్తిని ఖర్చుపెట్టే వ్యవధి రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. సాబ్లికోవా లాగా 5000 మీటర్లకి పోకుండా ఎర్బనోవా స్ప్రింట్‌లో నిలబడటానికి, హాకీలో గడిచిన ఆ చిన్న విడతలే ఒక కారణమని నా అభిప్రాయం.

పతకం గెలిచిన ఏడాదే, 25 ఏళ్లకి ఆమె పందేలు మానేసింది. మళ్లీ హాకీ ఆడింది. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు" అని మనం పిల్లల్ని ఊరికే కోప్పడతాం కానీ, ఆమె ఒక పడవ దిగి ఇంకోటి ఎక్కి, తిరిగి మొదటి దానికొచ్చింది. వచ్చేటప్పుడు పొడవాటి తోపుని, ఎడమ వంపుని, మడమ కింద టప్పుమనే బ్లేడుని, అన్నిటినీ ఒడ్డున వదిలేసి రావాలి.

రెండో రోజు మా హాల్లో 3 మీటర్ల దారం కట్టి, సుద్దముక్కతో హాకీ వంపు గీశాం. గోడ నుంచి గోడకి సరిపోయింది, వంపు కంటికి తెలిసింది. 22 మీటర్ల దారం పట్టుకుని డాబా మీదికెక్కితే అక్కడా చాలలేదు, వీధిలోకి దిగాం. గీసిన గీత పక్కన 40 సెంటీమీటర్ల ఇనుప పట్టీ పెట్టి చూస్తే, అది తిన్నని గీతే అని పిల్ల వాదించింది. లెక్క ప్రకారం పట్టీ మధ్యలో ఆనితే రెండు చివర్లలో 0.9 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సుద్దగీతే అంతకంటే మందం. "అంటే ఎంత సందు బాబాయ్?" అంది. నా జేబులోంచి ఏటీఎం కార్డు తీసి ఇచ్చాను, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. బల్ల మీద పట్టీ ఒక చివర కింద దాన్ని దూర్చి, వంగి కంటితో చూసి, "ఇది కూడా కొంచెం తక్కువేగా" అంది.