అన్నదమ్ముల కోటా ఎత్తేశారా? కుటుంబ వీసాలపై అపోహలు – వాస్తవాలు

అమెరికా కాంగ్రెస్‌లో కుటుంబ వీసాల మీద బిల్లు పెట్టారని వార్త వస్తే చాలు, మర్నాటికల్లా విశాఖ ద్వారకానగర్‌లోని మా ఆఫీసులో ఫోన్లు ఆగవు. అడిగేవారిలో ఎక్కువమంది ఇంకా పుట్టని చట్టానికి భయపడుతూ, ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలను పట్టించుకోరు.

అపోహ: అమెరికా పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు వలస వీసాలిచ్చే తోబుట్టువుల కోటా రద్దయింది.
వాస్తవం: రద్దు ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి, అంతే. 2013లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన బిల్లు ఈ కోటాను తీసేయాలన్నది. ప్రతినిధుల సభ దానిని చర్చకే చేపట్టలేదు. 2017 నాటి రెయిజ్ బిల్లు పౌరుల తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు కూడా వద్దన్నది. అదీ చట్టం కాలేదు. కాంగ్రెస్ రెండేళ్ల కాలం ముగిసేలోగా ఉభయ సభలూ ఆమోదించని బిల్లు మురిగిపోతుంది. ఏడాదికి 65,000 వీసాల ఈ కోటా 1990 నాటి చట్టం ప్రకారం నేటికీ కొనసాగుతోంది.

అపోహ: చట్టం మారేలా ఉంది కాబట్టి పిటిషన్ వేయడం దండగ.
వాస్తవం: బంధువు కోసం వేసే పిటిషన్ ఫారం ఐ-130. అది అందిన తేదీయే మీ ప్రయారిటీ డేట్, అంటే వరుసలో మీ స్థానాన్ని తేల్చే తేదీ. భారతీయ తోబుట్టువుల వరుస పదిహేనేళ్లు దాటి సాగుతున్నప్పుడు, వేయకుండా కూర్చున్న ప్రతి నెలా మీ ఖాతాలోనే నష్టం.

అపోహ: గ్రీన్ కార్డు ఉంటే అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చు.
వాస్తవం: కుదరదు. పౌరసత్వం ఉండాలి, 21 ఏళ్లు నిండాలి.

అపోహ: మధ్యలో పెళ్లయినా ఫైలు నడుస్తుంది.
వాస్తవం: నేను చూసిన నష్టాలలో పెద్దది ఇక్కడే. గ్రీన్ కార్డుదారు తన అవివాహిత సంతానం కోసం వేసిన పిటిషన్, తాను పౌరసత్వం పొందకముందే ఆ బిడ్డకు పెళ్లయితే, దానంతటదే రద్దవుతుంది; ఏళ్ల తరబడి కాచిన తేదీ కూడా దానితోనే పోతుంది. అదే పౌరసత్వం వచ్చాక పెళ్లయితే, ఫైలు వివాహిత సంతానం వరుసలోకి మారి నెమ్మదించినా పాత తేదీ నిలుస్తుంది. ఒకసారి గాజువాక నుంచి వచ్చిన ఒక తండ్రి, అంచులకు పసుపు రాసిన కొడుకు శుభలేఖను "ముందు మీకేనండి" అంటూ నా బల్లమీద పెట్టారు. పిటిషన్ వేసింది అమెరికాలో ఉన్న ఆయన భార్య. ఆవిడ పౌరసత్వ ప్రమాణం ముహూర్తం దాటాక పద్దెనిమిది రోజులకు ఉంది. శుభలేఖలు అచ్చయిపోయాయని ఆయన చాలాసేపు బాధపడ్డారు గానీ, ఆ సాయంత్రమే పురోహితుడికి ఫోన్ చేసి మరో ముహూర్తం అడిగారు.