సోల్ పాటల హార్న్ పార్టులు: అపోహలు - వాస్తవాలు

1960లు, 70ల నాటి అమెరికన్ సోల్ సంగీతంలో ట్రంపెట్, శాక్సఫోన్, ట్రాంబోన్ కలిసి ఒక్క గొంతులా పలికే బృందమే హార్న్ సెక్షన్. నేను టెనర్ శాక్స్ వాయిస్తాను. పాత రికార్డులు విని ఆ పార్టులు, అంటే ఒక్కో వాయిద్యం వాయించాల్సిన భాగాలు, రాసుకోవడం, ఉన్న మనుషులకు తగ్గట్టు వాటిని సర్ది బ్యాండ్లకు ఇవ్వడం నా పని. ఈ పనిలో పదే పదే వినపడే అపోహలు కొన్ని ఉన్నాయి. చెప్పేవాళ్లు నమ్మకంగా చెబుతారు కాబట్టి కొత్తవాళ్లు అలాగే నేర్చేసుకుంటారు. తర్వాత ఎంత సాధన చేసినా రికార్డులో ఉన్న ఊపు ఎందుకు రావట్లేదో తెలియక టెన్షన్ పడతారు.

అపోహ: అప్పటి అరేంజర్ (ఏ వాయిద్యం ఏం వాయించాలో కూర్చే మనిషి) రాసిన నొటేషన్ దొరికితే చాలు, మిగతాది చూసి వాయించడమే.

అలా రాసి ఇచ్చే చోట్లు ఉండేవి. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీలో పాల్ రైజర్ లాంటి అరేంజర్లు పార్టులు రాసేవారు. మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో పద్ధతే వేరు. మెక్‌లెమోర్ అవెన్యూలో ఉన్న ఒక పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకుని అందరూ ఒకే గదిలో కలిసి వాయించేవారు. ట్రంపెట్ వేన్ జాక్సన్, టెనర్ శాక్స్ ఆండ్రూ లవ్ అక్కడికక్కడే పార్టులు అల్లేవారు. తర్వాత మెంఫిస్ హార్న్స్ అని పేరు తెచ్చుకున్న జంట వీళ్లే. గాయకుడు ఒటిస్ రెడ్డింగ్ అయితే తనకు కావలసిన హార్న్ లైన్‌ను నోటితో పాడి వినిపించేవాడు. 1966 నాటి 'ఫా-ఫా-ఫా-ఫా-ఫా' పాటలోని ఆ 'ఫా'లు ఈ అలవాటులోంచి వచ్చినవే.

అందుకే ఇలాంటి పాటలకు అసలు కాగితం అంటూ వెతికి లాభం లేదు. ఇవాళ అమ్మే పుస్తకాల్లో ఉన్నది చాలావరకు ఎవరో విని రాసుకున్నదే. కొనుక్కోండి, తప్పు లేదు, కానీ రికార్డుతో సరిచూసుకోకుండా వాయించొద్దు. నేర్చుకోవడానికి కూడా ఒటిస్ దారే మంచిది. వాయిద్యం పెట్టెలోంచి తీయకముందే ఆ లైన్‌ను పాడి అప్పజెప్పగలగాలి. పాడలేని లైన్‌ను వేళ్లు గుర్తుపెట్టుకోవచ్చు గానీ, దాని ఊపు మాత్రం పట్టుబడదు.

అపోహ: నోట్లు సరిగ్గా పట్టుకుంటే పార్టు వచ్చేసినట్టే.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సోల్ హార్న్ లైన్లలో నోట్లు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో దాదాపు అందరూ పట్టేస్తారు. ఎక్కడ ఆపాలన్న దగ్గరే తేడా వస్తుంది.

ఒక బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) నిండా సాగే కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) ఉందనుకోండి. కాగితం మీద 'నాలుగు బీట్లు' అని రాసి ముగ్గురికి ఇవ్వండి. ఒకరు నాలుగో బీట్ దగ్గర ఆపేస్తారు, ఒకరు తర్వాతి బార్ మొదటి బీట్ దాకా లాగుతారు, ఇంకొకరు ఊపిరి అయిపోయిన చోట వదిలేస్తారు. ముగ్గురి స్వరమూ కరెక్టే, వినడానికి మాత్రం చెల్లాచెదురుగా ఉంటుంది. ఇప్పుడు రికార్డ్ మళ్లీ వినండి. చాలా పాటల్లో అలాంటి నోటు సరిగ్గా స్నేర్ డ్రమ్ దెబ్బ పడే క్షణంలో ఆగుతుంది. హార్న్ వదిలిన చోటును స్నేర్ అందుకుంటుంది. అందుకని నేను మూడు బీట్ల నోటు రాసి, నాలుగో బీట్ మీద విరామం పెట్టి, పైన 'నాలుగుకి కట్' అని రాస్తాను. ఆ ఒక్క మాటతో అదే ముగ్గురు ఒక సెక్షన్‌లా వినిపిస్తారు.

పొట్టి నోట్లలోనూ రకాలున్నాయి. నాలుకతో మొదలుపెట్టి గాలితో వదిలితే 'దా'. నాలుకతో మొదలుపెట్టి నాలుకతోనే మూసేస్తే 'డాట్'. పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు నోటును నాలుకతో మూయడం తప్పని ఒకటే మొరాయిస్తారు. ఇక్కడ అది కావాలి. గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ దెబ్బల్లో ఉన్న ఆ పదును చాలావరకు 'డాట్'లోంచే వస్తుంది. రాసేటప్పుడు నోటు నెత్తిన చిన్న గొడుగు గుర్తు పెడితే 'డాట్', అడ్డగీత పెడితే 'దా' అని ముందే చెప్పేస్తాను. అది కూడా వద్దనుకుంటే నోట్ల కింద తెలుగులోనే 'దా డాట్ దా-ఆ డాట్' అని రాసేయండి. అద్భుతంగా పనిచేస్తుంది.

పొడవు నోట్లలో ఇంకో సంగతి. గట్టిగా మొదలై, వెంటనే తగ్గి, మెల్లగా పెరిగి, టక్కున ఆగుతాయి. తగ్గడం ఎక్కడ, పెరగడం ఏ బీట్ నుంచి అన్నది కూడా అందరూ ఒకేలా చేయాలి. నోటు చివర కిందికి జారే 'ఫాల్' కూడా అంతే. ఒకరు అర బీట్, ఇంకొకరు రెండు బీట్లు జారితే గోల తప్ప ఏమీ మిగలదు.

ఇక తాళం. విల్సన్ పికెట్ 1965లో స్టాక్స్‌లో రికార్డ్ చేసిన 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్'లో రెండు, నాలుగు బీట్లు ఒక్క వెంట్రుకవాసి వెనక పడతాయి. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అప్పటి 'జెర్క్' అనే డాన్స్ వేసి చూపించి అలా వాయించమన్నాడని ప్రసిద్ధి. ఈ పాటను మెట్రోనోమ్‌తో (సమానంగా బీట్ కొట్టే పరికరంతో) నేర్చుకుని వస్తే హార్న్స్ స్నేర్ కంటే ముందు పడతాయి. దీన్ని రికార్డుతో పాటు వాయించే నేర్చుకోవాలి.

అందుకే నేను విని రాసే వరస ఇలా ఉంటుంది: ముందు లయ, తర్వాత నోటు ఆగే చోటు, ఆ తర్వాత పై గొంతు (అన్నిటికంటే పైన పలికే పార్టు), అన్నిటికంటే చివర కింది గొంతులు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

అపోహ: ఆ నిండుదనం పెద్ద పెద్ద కార్డుల వల్ల వస్తుంది.

ఎక్కువసార్లు అందరూ ఒకే స్వరం వాయిస్తుంటారు, లేదా ఒకరు పై స్థాయిలో, ఒకరు కింది స్థాయిలో అదే స్వరం. బారిటోన్ శాక్స్ లాంటి వాయిద్యం కింద గట్టిగా పలికితే దాని హార్మోనిక్స్ (ఆ స్వరంతో పాటే సహజంగా పలికే సన్నని స్వరాలు) పైన స్పష్టంగా వినిపిస్తాయి. ముఖ్యంగా మూల స్వరాన్ని ఒకటిగా లెక్కిస్తే మూడోది, అంటే పై స్థాయి పంచమం. అది విని 'ఇక్కడ ఇంకో గొంతు ఉంది' అనుకుని లేని పార్టు రాసేస్తారు. అనుమానం వస్తే ముందు యూనిసన్‌లో (అందరూ ఒకే స్వరం) వాయించి రికార్డుతో పోల్చండి. సరిపోతే అక్కడితో ఆపేయండి.

నిజంగా హార్మనీ ఉన్నచోట కూడా రెండు గొంతులు చాలా పని చేస్తాయి. సి7 కార్డ్ తీసుకుందాం, సి మన షడ్జం. ట్రంపెట్‌కి కైశికి నిషాదం, దాని కింద టెనర్‌కి అంతర గాంధారం ఇవ్వండి. షడ్జం, పంచమం బేస్, గిటార్ ఎలాగూ చూసుకుంటాయి. ఇప్పుడు పాట ఎఫ్7కి వెళ్లింది. ట్రంపెట్ అర స్వరం దిగి చతుశ్రుతి ధైవతానికి, టెనర్ అర స్వరం దిగి సాధారణ గాంధారానికి వస్తే చాలు, కార్డ్ మొత్తం మారిపోయినట్టు వినిపిస్తుంది. ఇద్దరూ కదిలింది చెరో అర స్వరమే. ఇద్దరితో ఇంత వస్తుంటే ఐదుగురి కోసం ఎదురుచూడటం దేనికి?

అపోహ: ట్రంపెట్ లేకపోతే హార్న్ సెక్షన్ కాదు.

అరీతా ఫ్రాంక్లిన్ 1967లో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో రికార్డ్ చేసిన 'రెస్పెక్ట్' వినండి. అందులో వాయించినవి రెండు టెనర్ శాక్స్‌లు, ఒక బారిటోన్ శాక్స్: కింగ్ కర్టిస్, చార్లెస్ చామర్స్, విల్లీ బ్రిడ్జెస్. ట్రంపెట్, ట్రాంబోన్ లాంటిది ఒక్కటీ లేదు. మధ్యలో కర్టిస్ సోలో వచ్చేటప్పటికి పాట ఒకటి శ్రుతి (సి) నుంచి ఉన్నట్టుండి ఎఫ్ షార్ప్ మైనర్‌కి దూకుతుంది. ఒటిస్ రెడ్డింగ్ రాసి 1965లో పాడిన మూల పాటలో ఈ ముక్క లేదు. శామ్ అండ్ డేవ్ పాడిన మరో పాట కార్డులు తెచ్చి ఇక్కడ పెట్టారు. శాక్స్, ట్రంపెట్ పార్టులను వినిపించే శ్రుతిలో కాక వేరే శ్రుతిలో రాస్తారు, అందుకని టెనర్ వాయించేవాళ్లకు అది జి షార్ప్ మైనర్ అవుతుంది, వేళ్లకు అంత సుఖమైన చోటు కాదు. కర్టిస్ అక్కడ ఎంత తీరిగ్గా, ఎంత మాట్లాడినట్టుగా వాయిస్తాడో వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి ఉన్నవాళ్లతో సెక్షన్ కట్టుకోండి. మన దగ్గర ట్రాంబోన్ వాయించేవాళ్లు అంత తేలిగ్గా దొరకరు, కానీ పెళ్లి బ్యాండ్లలో యూఫోనియం వాయించేవాళ్లు ఉంటారు. ట్రాంబోన్ పార్టు దాదాపు అదే స్థాయిలో యూఫోనియం మీద చక్కగా కూర్చుంటుంది. జారుడు కోసం వాల్వ్‌ను సగం నొక్కాల్సి వస్తుంది, అంతే తేడా.

అపోహ: యాప్‌లో వేస్తే హార్న్స్ విడిగా వచ్చేస్తాయి, ఇక చెవి అక్కర్లేదు.

నేనూ యాప్‌లు వాడతాను, వేగం తగ్గించుకుని వినడానికి వాటిని మించింది లేదు. విడదీయడం మాత్రం సగం పనే. అప్పట్లో అందరూ ఒకే గదిలో వాయించారు కాబట్టి ఆర్గాన్ హార్న్స్‌లోకి, బారిటోన్ బేస్‌లోకి వెళ్లిపోతాయి. పైగా నోటు ఆగే చోటే మసకబారుతుంది. మనకు అన్నిటికంటే ముఖ్యమైంది అదే కదా. ఆగే చోటు కోసం ఎప్పుడూ మూల రికార్డుకే వెళ్లండి.

రికార్డు శ్రుతిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. జేమ్స్ బ్రౌన్ 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్' 1965లో విడుదల చేసేటప్పుడు టేపు వేగం పెంచారు, దాంతో శ్రుతీ పెరిగింది. మొదట యాప్‌లో శ్రుతిని మీ వాయిద్యానికి సరిచేసుకుని, ఆ తర్వాత నోట్లు వెతకండి.

అపోహ: గిటార్ వాళ్ల శ్రుతులు హార్న్స్‌కి కష్టం, అన్నీ బి ఫ్లాట్‌కో ఎఫ్‌కో మార్చేద్దాం.

'మిడ్‌నైట్ అవర్', ఎడ్డీ ఫ్లాయిడ్ 'నాక్ ఆన్ వుడ్' రెండూ 'ఈ' (E) శ్రుతిలో ఉన్నాయి, అంటే మన మూడు శ్రుతి. రెండింట్లోనూ గిటారిస్ట్ స్టీవ్ క్రాపర్ చెయ్యి ఉంది. మొదటి పాట ఇంట్రోలో దిగే కార్డులనే తిరగేసి రెండో పాటకు ఇంట్రో చేశానని ఆయనే చెప్పాడు. మూడు శ్రుతి అంటే ట్రంపెట్‌కీ టెనర్‌కీ ఆరు షార్పులు. ఆల్టో, బారిటోన్ శాక్స్‌లకు ఏడు, అదే డి ఫ్లాట్ అని రాసిస్తే ఐదు ఫ్లాట్లతో సరిపోతుంది. నాలుగైదు నోట్ల లైన్‌కి ఇది భయపడాల్సిన సంగతి కాదు, రెండు రోజుల్లో వేళ్లు అలవాటుపడతాయి. శ్రుతి మారిస్తే గిటార్ తంతుల మోత మారిపోతుంది, పాట రంగు పోతుంది. పాడేవాళ్ల గొంతు కోసం మార్చాల్సి వస్తే తప్పకుండా మార్చండి. అర శ్రుతి మారితే పార్టు అలాగే ఉంచొచ్చు. రెండు మూడు శ్రుతులు మారితే ట్రంపెట్ మరీ పైకో, మరీ కిందికో పోతుంది. అప్పుడు ఎవరి గొంతు ఎవరికివ్వాలో మళ్లీ ఆలోచించుకోవాలి.

అపోహ: అరేంజ్ చేయడమంటే ఖాళీ ఉన్నచోటల్లా హార్న్స్ పెట్టడం.

జేమ్స్ బ్రౌన్ 1967 పాట 'కోల్డ్ స్వెట్' చూడండి. శాక్స్ వాయిద్యకారుడు పీ వీ ఎల్లిస్ అందులోని హార్న్ ముక్కకు జాజ్ ట్రంపెట్ వాయిద్యకారుడు మైల్స్ డేవిస్ 'సో వాట్' స్ఫూర్తి అని చెప్పాడు. అక్కడ రెండు కార్డుల జవాబు, తర్వాత మౌనం. ఆ మౌనంలో డ్రమ్స్, బేస్, గిటార్ మాట్లాడుకుంటాయి. ఆ ఖాళీలో ఇంకో లైన్ పెడితే కింద నడుస్తున్న మాట వినపడదు.

పెదవుల సంగతి కూడా ఉంది. ట్రంపెట్ వాయించేవాళ్ల పెదవులు అలసిపోతే ఏ సాధనా ఆ పూటకి కాపాడలేదు. మొదటి పాటల్లో అక్కర్లేని నోట్లన్నీ వాయిస్తే చివరి పాటలో అవసరమైన పై నోటు పలకదు. అందుకే నేను పాటల వరస చూశాకే పార్టులు రాస్తాను.

రిహార్సల్‌లో ఒక పద్ధతి పాటిస్తాను. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డ్ అన్నీ ఆపించి, పాడేవాళ్లు, హార్న్స్ మాత్రమే పాట మొదటి నుంచి చివరి దాకా వెళ్లాలి. హార్న్ ఎక్కడ సాహిత్యం మీద పడుతోందో అప్పుడు తేటగా తెలిసిపోతుంది. పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట జవాబు రావాలి, లేదా మాట కింద మెత్తగా సాగే ఒక్క కార్డ్ ఉండాలి. మాటను మింగేస్తున్న నోట్లను నేను అక్కడే పెన్సిల్‌తో కొట్టేస్తాను. తర్వాత డ్రమ్స్‌ను మాత్రం కలిపి ఇంకోసారి వాయించి, ప్రతి కట్ స్నేర్‌తో కలుస్తోందో లేదో చూస్తాను. కీబోర్డ్ వాళ్లను అన్నిటికంటే చివర కలుపుతాను. హార్న్ కార్డులు వాయిస్తున్నచోట కుడిచెయ్యి తీసేయమని వాళ్లకు ముందే చెబుతాను.