నల్ల శిలువ వేసుకున్న రష్యా ట్యాంకు

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి తాతయ్య దీవెనలు.

నిన్న ఫోన్లో చిన్నూ అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. మీ నాన్న తెచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మ అతికిస్తున్నావు. డబ్బా మీద టి-34 అని రాసి ఉంది, అది రష్యావాళ్ళ ట్యాంకు. తీరా స్టిక్కర్లు చూస్తే ఎర్ర నక్షత్రం లేదు, జర్మనీవాళ్ళ నల్ల శిలువ ఉంది. "తప్పు స్టిక్కర్లు పెట్టారా తాతయ్యా?" అన్నావు. తప్పు కాదురా నాన్నా, సరిగ్గానే పెట్టారు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఫోన్లో తేలే కథ కాదని కాగితం తీశాను.

శత్రువు దగ్గర పట్టుకున్న ట్యాంకుని జర్మన్లు "బోయ్‌టెపాంట్సర్" అనేవాళ్ళు. కొల్లగొట్టి తెచ్చుకున్న ట్యాంకు అని అర్థం. ఈ అలవాటు వాళ్ళకి మొదటి ప్రపంచ యుద్ధంలోనే మొదలైంది. అప్పుడు జర్మనీ సొంతంగా చేసుకున్న ఎ7వి ట్యాంకులు మొత్తం 20. 1917 నవంబరులో కాంబ్రే దగ్గర జరిగిన యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ మార్క్-4 ట్యాంకులు బోలెడు దెబ్బతిని పొలాల్లో ఆగిపోతే, వాటిని బెల్జియంలోని షార్లెరువా ఊళ్ళో పెట్టిన వర్క్‌షాపుకి లాక్కెళ్ళి బాగుచేసుకున్నారు. సొంత ట్యాంకుల కంటే పట్టుకున్నవే వాళ్ళ దగ్గర ఎక్కువ ఉండేవి.

రెండో యుద్ధానికి వచ్చేసరికి ఇది పెద్ద వ్యవస్థ అయిపోయింది. పట్టుకున్న ప్రతి రకానికీ ఒక నంబరు ఇచ్చారు. ట్యాంకులకైతే ఆ నంబరు 7తో మొదలయ్యేది. చివర బ్రాకెట్లో ఏ దేశానిదో ఒక అక్షరం. నీ టి-34కి 747(ఆర్), ఆర్ అంటే రష్యా. ఫ్రాన్సువాళ్ళ బి1 అనే బరువైన ట్యాంకుకి 740(ఎఫ్). బ్రిటిష్ మటిల్డాకి 748(ఇ), ఇ అంటే ఇంగ్లండు. మా డిపో స్టోర్సులో విడిభాగాలకి నంబర్లు వేసినట్టే వేశారన్నమాట.

ముప్పై నాలుగేళ్ళు బస్సుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి కదా, ఈ కథలో నాకు మొదట కనబడేది యుద్ధం కాదు, మరమ్మతు. బండిని పట్టుకోవడం ఒక్క పూట పని. దాన్ని నడిపించడం రోజూ ఉండే పని. అది ఎంత కష్టమో చెకోస్లోవేకియా ట్యాంకుల సంగతి చెబితే మీకు తెలుస్తుంది.

1939 మార్చిలో జర్మనీ ఆ దేశాన్ని యుద్ధం చెయ్యకుండానే మింగేసింది. ట్యాంకులూ దక్కాయి, వాటిని తయారుచేసే ఫ్యాక్టరీలూ దక్కాయి. చెక్ భాషలో ఎల్‌టి-35 అనేదాన్ని పాంట్సర్ 35(టి) అన్నారు. పాంట్సర్ అంటే ట్యాంకు, టి అంటే జర్మన్ భాషలో చెక్ అని. అలాంటివి 244 చేతికొచ్చాయి. దానికంటే కొత్తదైన 38(టి)నైతే ప్రాగ్ ఫ్యాక్టరీలో ఆపకుండా చేయించుకుంటూనే ఉన్నారు, మొత్తం 1,400 పైచిలుకు. 1940లో ఫ్రాన్సు మీదికి వెళ్ళినప్పుడు రోమెల్ అనే జర్మన్ సేనాని నడిపిన దళంలో ఈ చెక్ ట్యాంకులు చాలా ఉన్నాయి. తమ దేశాన్ని మింగినవాడి కోసం, తమ ఫ్యాక్టరీలోనే, రోజూ షిఫ్టుకి వెళ్ళి ట్యాంకులు బిగించిన ఆ చెక్ కార్మికుల గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఆ 35(టి)లో ఒక తమాషా ఉంది. గేర్లు మార్చడానికీ, బండిని తిప్పడానికీ గాలి ఒత్తిడి వాడారు. మన బస్సుల్లో ఎయిర్ బ్రేకులు ఉంటాయి చూడండి, అలాంటి గాలే. డ్రైవరు లివరు బలంగా లాగక్కర్లేదు, గాలే పనిచేస్తుంది. అందుకని ఎంత దూరం నడిపినా అలసట ఉండదు. కానీ గాలిని కుదించినప్పుడల్లా అందులో ఉన్న తేమ నీళ్ళుగా మారి గాలి నింపే డబ్బా అడుగున చేరుతుంది. రోజూ పొద్దున్నే మేము బస్సు ఎయిర్ ట్యాంకు కింద ఉన్న చిన్న కుళాయి తిప్పితే బుస్సుమని గాలీ, దాంతోపాటు గోధుమరంగు నీళ్ళూ వచ్చేవి. మన ఎండల్లో దానివల్ల తుప్పు మాత్రమే పడుతుంది. 1941 చలికాలంలో రష్యాలో ఏమైందంటే, గొట్టాల్లో ఆ నీళ్ళు గడ్డకట్టాయి. గేరు పడదు, బండి తిరగదు. అప్పటికే కొత్త విడిభాగాల తయారీ ఆగిపోయింది కాబట్టి ఒకదాని భాగాలు ఊడదీసి ఇంకోదానికి పెట్టుకుంటూ నెట్టుకొచ్చారు. డిసెంబరు నాటికి ఆ ట్యాంకులు నడిపిన 6వ పాంట్సర్ దళం చేతిలో 35(టి) ఒక్కటీ మిగల్లేదు.

ఫ్రాన్సువాళ్ళ సంగతి ఇంకోలా ఉంది. 1940 జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయాక వేలకొద్దీ ట్యాంకులు దక్కాయి. చాలావాటిలో పైన తిరిగే టర్రెట్ లోపల ఒక్క మనిషికే చోటు. ఆ ఒక్కడే చుట్టూ చూడాలి, గుండు పెట్టాలి, గురి చూడాలి, పేల్చాలి, కిందున్న డ్రైవరుకి దారి చెప్పాలి. పైగా చాలావాటిలో రేడియో లేదు. జర్మన్లు రేడియోలు పెట్టారు, టర్రెట్ మీద మూసి ఉన్న గుండ్రటి డిప్పని కోసేసి తెరుచుకునే మూతలు బిగించారు. బి1 మాత్రం వేరే. ముప్పై టన్నుల బండి. పెద్ద ఫిరంగి ముందు భాగంలో బిగించి ఉంటుంది, పక్కలకి తిరగదు. గురి పెట్టాలంటే బండినే వెంట్రుకవాసి తేడాతో తిప్పాలి. అందుకోసం నేడెర్ అనే యంత్రం పెట్టారు. అందులో ఏ నూనె పోసేవాళ్ళో తెలుసా? ఆముదం! మీ నాయనమ్మ జుట్టుకి రాసే ఆముదమే. అలాంటి సున్నితమైన యంత్రాన్ని పరాయి దేశం మెకానిక్కులు బాగుచేసుకోవాలంటే ఎంత అవస్థ పడి ఉంటారో నేను ఊహించగలను. మొత్తం 161 బి1లు వాళ్ళ చేతికొస్తే, 60 బండ్లలో ఆ ఫిరంగి తీసేసి మంటలు చిమ్మే గొట్టం పెట్టారు. కొన్నిటిని ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ, గెర్న్సీ దీవుల కాపలాకి పంపారు. వాటిలో ఒకటి ఇప్పుడు ఇంగ్లండులో బోవింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఎప్పుడైనా వెళ్తే చూడండి. మొదటి యుద్ధం నాటి చిన్న రెనో ట్యాంకులైతే మరీ పాతబడిపోయాయి. వాటి టర్రెట్లు ఊడదీసి సముద్రం ఒడ్డున కాంక్రీటు గోతుల మీద కూర్చోబెట్టారు.

ఇక నీ టి-34, చిన్నూ. 1941లో అది ఎదురుపడేసరికి జర్మన్ సైనికులు నిజంగా బెదిరిపోయారు. వాళ్ళ 37 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లు దాని ఏటవాలు ఉక్కు మీద పడి జారిపోయేవి. ఆ ఫిరంగికి వాళ్ళే "తలుపు తట్టేది" అని పేరు పెట్టుకున్నారు. అలాంటి బండి దొరికితే ఎవరు వదులుతారు? కానీ ఒక చిక్కు. టి-34 ఇంజను 12 సిలిండర్ల డీజిల్, 500 గుర్రాల శక్తి. జర్మన్ ట్యాంకులన్నీ పెట్రోలువి. అంటే ఈ నాలుగు బండ్ల కోసం డీజిలు వేరుగా మొయ్యాలి. గుండ్లు వేరు, ఎక్కడన్నా రష్యా గుండ్ల నిల్వ దొరికితేనే. ఫిల్టరు పోతే, క్లచ్ ప్లేటు అరిగితే, ఇంకో పాడైన టి-34 ఎక్కడుందో వెతుక్కోవాలి. అయినా పట్టు వదల్లేదు. కొన్నిటికి తమ ట్యాంకుల మీద ఉండే కమాండరు గూడు తెచ్చి పైన బిగించారు, ఎందుకంటే టి-34లో కమాండరుకి బయట సరిగ్గా కనబడేది కాదు. 1943 మార్చిలో ఖార్కివ్ ఊరు మళ్ళీ వాళ్ళ చేతికి వచ్చినప్పుడు అక్కడి ట్రాక్టరు ఫ్యాక్టరీలో టి-34లు దొరికాయి. వాటిని బాగుచేసి, దాస్ రైఖ్ అనే ఎస్ఎస్ (హిట్లర్ పార్టీ సొంత సైన్యం) దళం ఆ ఏడాది జూలైలో రష్యాలోని కుర్స్క్ దగ్గర జరిగిన యుద్ధానికి దించింది.

ఇప్పుడు నీ స్టిక్కర్ల దగ్గరికి వద్దాం. పొగలో, దుమ్ములో, అర కిలోమీటరు దూరం నుంచి ట్యాంకు ఆకారం ఒక్కటే కనబడుతుంది. అది టి-34 ఆకారమైతే జర్మన్ ఫిరంగివాడు ఆలోచించడు, పేల్చేస్తాడు. లోపల ఉన్నది తనవాళ్ళే అని వాడికెలా తెలుస్తుంది? అందుకే శిలువలు మామూలు కంటే చాలా పెద్దవి వేసేవాళ్ళు. టర్రెట్ రెండు పక్కలా, వెనకా, విమానాలకి కనబడేలా పై మూత మీద కూడా. కొన్నిసార్లు జెండాని పైన పరిచి కట్టేవాళ్ళు. నీ డబ్బాలో పెద్ద శిలువ ఒకటి మిగిలిందన్నావు కదా, అది పై మూతదే. పారెయ్యకు.

అన్ని ట్యాంకులూ ట్యాంకులుగానే ఉండిపోలేదు. రష్యా ఫిరంగులు వందలకొద్దీ దొరికితే, గుండు పెట్టే గదిని జర్మన్ గుండ్లకి సరిపోయేలా తొలిచి, చెక్ 38(టి) అడుగు బండి మీద బిగించి మార్డర్ అని పేరు పెట్టారు. రష్యా ఫిరంగి, చెక్ బండి, జర్మన్ గుండు. చూడ్డానికి తెలివైన పనిలా ఉంటుంది. పనివాళ్ళ తెలివికి నేనూ దణ్ణం పెడతాను. కానీ సొంత ఫ్యాక్టరీల్లో కావలసినన్ని తయారుకాక, లేమిలో చేసిన పని అది. ఆ తెలివి ఎవరి కోసం ఖర్చయిందో మరవకండి. ఫ్రాన్సు నుంచి తెచ్చిన హాచ్‌కిస్ ట్యాంకుల్ని యుగోస్లావియా కొండల్లో, సొంత ఊళ్ళ కోసం పోరాడుతున్న పార్టిజాన్ల మీదికి నడిపించారు.

అమ్ములు వెనక నుంచి అడిగింది, "మరి వాళ్ళ ట్యాంకు ఎవరూ పట్టుకోలేదా?" అని. పట్టుకున్నారు తల్లీ. 1944 ఆగస్టులో పోలండు రాజధాని వార్సాలో జనం జర్మన్ల మీద తిరగబడ్డారు. రెండో రోజే జర్మన్ల పాంథర్ ట్యాంకులు రెండు వాళ్ళకి చిక్కాయి. జోష్కా అనే దళంలోని కుర్రాళ్ళు వాటిని తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది యుద్ధానికి ముందు స్కౌట్లు. ఒక ట్యాంకుకి మాగ్దా అని పేరు పెట్టారు. ఆగస్టు 5న ఆ మాగ్దాతో గెన్షుఫ్కా అనే జైలు శిబిరం మీదికి వెళ్ళారు. కాపలా గోపురాల్లోంచి మెషీన్‌గన్లు పేలుతుంటే మాగ్దా ఫిరంగి వాటిని ఒక్కొక్కటిగా పడగొట్టింది. లోపల 348 మంది యూదులు ఉన్నారు, అందులో 24 మంది ఆడవాళ్ళు. అందరూ బతికి బయటికొచ్చారు. చాలామంది అక్కడికక్కడే ఆ కుర్రాళ్ళతో కలిసి పోరాటంలోకి దిగారు.

నాయనమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. జిగురు బాగా ఆరాకే స్టిక్కర్లు అంటించు చిన్నూ.

ప్రేమతో,
మీ తాతయ్య